బియ్యం డబ్బాలో సీతాఫలాలు

మా ఇంటి ఓనరమ్మ పోయిందన్న కబురు నాకు ఎయిర్‌పోర్టులో, డ్యూటీ మధ్యలో టీ తాగడానికి లేచినప్పుడు తెలిసింది. ఫోన్ చేసింది వాళ్లాయన. "మీ అక్క పోయింది బిడ్డా. దవాఖాన దాక గూడ రాలే" అని ఫోన్ పెట్టేశాడు. దసరా ఆ వారంలోనే ఉంది. మళ్లీ కౌంటర్లోకి వెళ్లి ఎవరి పెట్టె తూకం వేశానో, ఎవరి చేతికి బోర్డింగ్ పాసు ఇచ్చానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు.

ఓనరమ్మ అని రాశాను గానీ ఆ మాటంటే ఆమెకి ఒళ్లు మంట. "ఓనరమ్మ ఏందే? నేనేమన్న గోడనా, గేటునా? అక్కా అను" అంది మొదటి రోజే. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన ఏడాది నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి వాళ్ల మేడ మీద గది కిరాయికి తీసుకున్నాను. మిగతా గదుల్లోనూ ఎయిర్‌పోర్టు వాళ్లమే. ట్యాక్సీ నడిపే అన్న ఒకడు, క్లీనింగ్ పని చేసే షాద్‌నగర్ అమ్మాయి ఒకతి, ఇంకా ఒకరిద్దరు. ఒకరు ఇల్లు చేరేసరికి ఇంకొకరు బయల్దేరేవాళ్లం. పక్కగది మనిషి ముఖం కన్నా తీగ మీద ఆరేసిన యూనిఫారమే నాకు బాగా తెలుసు.

అక్కకి ఈ బతుకు బొత్తిగా నచ్చలేదు. మొదటి దసరా నాడు నేను నైట్ డ్యూటీ దిగొచ్చి ముసుగుతన్ని పడుకుంటే తలుపు విరిగేలా బాదింది. "ఏందే పిల్లా, పండుగపూట గిట్ల పంటవా? జర మొకం కడుక్కొని కిందికి రా. అందరు కూసున్నరు." తిట్టుకుంటూనే దిగాను. అప్పటికి పది దాటింది. టిఫిన్‌కి ఆలస్యం, భోజనానికి తొందర.

వాకిట్లో చాప మీద పెద్ద ఇత్తడి మూత వెల్లకిలా పెట్టి ఉంది. పెళ్లిళ్లలో అన్నం వండే గుండిగ మీది మూత. దాని మీద కడిగిన మోదుగాకులు. నడుమ మలీద ముద్దలు, అంటే రొట్టెల్ని బెల్లం, నెయ్యి పోసి నలిపి చేసినవి. చుట్టూ గారెలు, సర్వపిండి ముక్కలు, గుడాలనే అలసంద గుగ్గిళ్లు, ఉడకబెట్టిన పల్లీలు, నువ్వుల ముద్దలు. అంచు వెంబడి సీతాఫలాలు. పళ్లేలు లేవు. మూత చుట్టూ కూర్చుని తినడమే.

"నైట్ డ్యూటీ దిగినోళ్లకు ఇది రాత్రి బువ్వ. ఇప్పుడు పోయెటోళ్లకు పొద్దుగాల టిఫిన్. మీ అందర్కి కలిసొచ్చే టైం గీదొక్కటే దొరికింది నాకు" అంది అక్క.

ఆ తర్వాత ఏటా ఆ మూత సర్దేటప్పుడు నేను పక్కనుండేదాన్ని. "తీపి పక్కన తీపి పెట్టకే, నోరు పరేషాన్ అయితది" అనేది. తినేవాళ్లలో మొహమాటపడేవాళ్లని ఇట్టే పసిగట్టేది. ఏమీ అనకుండా మూతని కొంచెం తిప్పేది, గారెలు వాళ్ల ముందుకొచ్చేవి. షాద్‌నగర్ అమ్మాయి వాళ్లు క్రైస్తవులు. మొదటి ఏడు తినాలా వద్దా అని చూస్తుంటే, "దేవునికి పెట్టింది లోపలున్నది బిడ్డా. ఇది మనది. తిను" అంది. ఆ పిల్ల మరుసటి ఏడు సెలవు రోజైనా షాద్‌నగర్ వెళ్లకుండా ఆ మూత కోసం ఆగిపోయింది.

అక్క అసలు పంతమంతా సీతాఫలాల మీదే. వాళ్ల భూమిలో అంతా పోగా మిగిలిన మెట్టచెలక గట్టు మీద కొన్ని చెట్లున్నాయి. కాయ గళ్లు విచ్చి కళ్లు తెరవగానే కోసుకొచ్చి బియ్యం డబ్బాలో పూడ్చేది. రోజూ సాయంత్రం మోచేతి దాకా బియ్యంలోకి పెట్టి, ఒక్కో కాయనీ తొడిమ పక్కన బొటనవేలితో నొక్కి చూసేది. సరిగ్గా దసరా పొద్దుటికే పండాలి. నేను చెయ్యి పెట్టబోతే కొట్టేది. "మీ చేతులు పెట్టెలు ఎత్తనీకి మంచిగుంటయ్. కాయ జోలికి రాకు." అందరూ తిన్నాక, పగిలి కారిపోతున్న పండు ఏదైనా మిగిలితే అది ఆమెది.

అలాంటి మనిషి బతుకమ్మ పూలు తెంపుకొచ్చి, గుమ్మం దగ్గర కూర్చుని, మళ్లీ లేవలేదు. మైల ఇల్లు కాబట్టి పొయ్యి వెలిగించలేదు. చుట్టాలే వండి తెచ్చేవాళ్లు. మేము మళ్లీ ఎవరి గదిలో వాళ్లం. ఆ ఒక్క పూట కూడా ఇక లేదనుకుంటే నాకు ఏడుపు ఆగేది కాదు. ఇంకొకరి చావుకి నేను నా కోసం ఏడుస్తున్నానా అని కోపం కూడా వచ్చేది.

దసరా పొద్దున డ్యూటీ దిగి వచ్చి మెట్లెక్కబోతుంటే వాసన తగిలింది. ఇల్లంతా అదే వాసన. లోపలికి వెళ్లాను. బాపు, అంటే అక్క వాళ్లాయన, బియ్యం డబ్బా ముందు నిలబడి ఉన్నాడు. పొయ్యి లేని ఇంట్లో ఆ డబ్బా ఎవరూ తెరవలేదు. డబ్బా మూత తీశాడు. ఇద్దరం బియ్యం పక్కకి నెట్టాం. అక్క పూడ్చి పోయిన కాయలు అన్నీ పండాయి. సరిగ్గా ఆ పొద్దుటికే.

"ఈ ఏడు పండుగ లేదు, అవన్ని ఎవలకన్న ఇచ్చెయ్యిరి" అంది బాపు వాళ్ల చెల్లెలు.

"పండుగ లేదు. నేను గాదంటున్ననా? పండ్లు పండినయ్, ఏం జెయ్యాలె?" అన్నాడు బాపు. ఎన్నడూ వంటింట్లో చెయ్యి పెట్టని మనిషి, అటక మీద నుంచి ఇత్తడి మూత తనే దించాడు. ఆకులు లేవు, మలీద లేదు. ఉత్త సీతాఫలాలే. నన్ను చూసి, "పో బిడ్డా, అందర్ని పిలువు" అన్నాడు.

వెళ్లి ఒక్కో తలుపూ బాదాను, అక్క బాదినట్టే. యూనిఫారాల్లోనే వచ్చి కూర్చున్నారు. మూతని ఎవరూ తిప్పలేదు. పండు చేతిలోకి తీసుకున్నాక చూశాను. తొడిమ పక్కన చిన్న నల్ల మచ్చ. షాద్‌నగర్ అమ్మాయి పండు మీదా ఉంది. అందరి పండ్ల మీదా ఉంది. అక్క బొటనవేలు నొక్కిన చోటు.

అందరం తిన్నాం. పగిలిపోయిన పండు ఒకటి మూతలో మిగిలింది. దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. చాలాసేపటికి బాపు చేతిలోకి తీసుకున్నాడు. తొక్కకి అంటిన బియ్యపు గింజలు ఒక్కొక్కటే తుడిచి, ఆ మచ్చ మీద తన బొటనవేలు ఆనించి, నొక్కకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.