శాశ్వత జాబితాకు నేను పెట్టని సంతకం

కుప్పంలో తొమ్మిదేళ్లు పనిచేశాక, రిటైరు కావడానికి మూడేళ్లుందనగా, ఒక ఏప్రిల్ నెలలో నన్ను మదనపల్లెకు మార్చారు. ఒక ఆస్పత్రి డయాలిసిస్ విభాగానికి హెడ్ నర్సుని. ఎనిమిది మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు. కిడ్నీ డాక్టరు వారానికి రెండు సార్లు వచ్చేవారు, మిగతా రోజుల్లో డ్యూటీ డాక్టరు రాసిందే రాత. నా నోరు మంచిది కాదన్న కబురు నాకంటే ముందే అక్కడికి చేరింది.

ఆ విభాగంలో ఒక ఆనవాయితీ ఉండేది. కిడ్నీ దెబ్బతిని వచ్చిన మనిషికి డెబ్బై దాటి ఉంటే, నెల రోజులు చూసి శాశ్వత జాబితాలో ఎక్కించేవారు. ఎక్కితే ఇక జీవితాంతం వారానికి మూడు రోజులు మిషన్ మీదే. సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. ఆ తర్వాత మూత్రం ఎంత వస్తోందని ఆ మనిషిని అడిగేవాళ్లుండరు. జాబితా కాగితంలో ఆ గడే లేదు.

ఆనవాయితీకి ఆధారం లేకపోలేదు. కిడ్నీలోని సన్నని గొట్టాల లోపలి పొర దెబ్బతింటే, మిగిలిన కణాలు ఒకటి రెండై ఖాళీని పూడుస్తాయి. వయసులో ఉన్నవాళ్లకు ఆ పని చకచకా జరుగుతుంది. కుప్పంలో పాము కరిచి మూత్రం ఆగిపోయిన క్వారీ కూలి ఒకతను మూడో వారానికే నడుచుకుంటూ ఇంటికి పోయాడు. వయసు మళ్లితే పూడటం నెమ్మదిస్తుంది, కొన్నిచోట్ల మచ్చ కట్టి ఆగిపోతుంది. కానీ నెమ్మది అంటే లేదని కాదు. ఆ రెండింటినీ ఒకటి చేసి పడేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెడ్డెమ్మకు డెబ్బై ఒకటి. సదుం దగ్గర పల్లె, రెండు ఆవులు, పొద్దునా సాయంత్రం పాలకేంద్రానికి పాలు పోస్తుంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లలు మింగుతుండగానే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లో నీరు పోయి, పైన ఆ బిళ్లల దెబ్బ కూడా తగిలి, మూత్రం ఆగిపోయింది. మెడలో తాత్కాలిక గొట్టం వేసి డయాలిసిస్ మొదలుపెట్టాం. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే బస్సులో వచ్చి పోయేది. ఐదో వారంలో డ్యూటీ డాక్టరు ఆమె పేరు శాశ్వత జాబితాలో రాసి, నా సంతకం కోసం పంపారు.

ఆపరేషన్ సంగతి చెబితే రెడ్డెమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"యాలమ్మా నా చెయ్యి కోసేది? రెండు చేతులూ ఉంటేనే గదా పాలు పిండేది. నాకు ఒంటికి బాగానే పోతాండాది. మొన్న అర లీటరు, నిన్న ముప్పావు."

ఎలా తెలుసని అడిగాను. సొట్ట పడిందని పక్కన పెట్టిన పాల కొలతతో రోజూ కొలుస్తోందట.

"సొట్ట తీసేసే చెప్తాండాను సిస్టరమ్మా, నేను ఎక్కువ చెప్పే మనిషిని కాదు."

ఐదు వారాలుగా మూత్రం ఎంత వస్తోందని ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ కొలత సంగతి చెబితే డ్యూటీ డాక్టరు నవ్వారు. ఈ వయసులో కిడ్నీ తిరిగి రాదని, ముసలివాళ్ల కొలతలు పట్టుకుంటే పని జరగదని అన్నారు. నేను కాగితం సంతకం పెట్టకుండా సొరుగులో వేసి, రెడ్డెమ్మకు ఒక ఖాళీ క్యాను ఇచ్చాను. ఇరవై నాలుగు గంటల మూత్రం చుక్క పోకుండా పట్టుకురమ్మన్నాను. క్యానుకు గుడ్డ చుట్టి సదుం నుంచి పుంగనూరు, అక్కడ బస్సు మారి మదనపల్లె. కండక్టరు పాలా అని అడిగాడట.

"పాలైతే కేంద్రంలో పోసేదాన్ని గదప్పా, మదనపల్లెకు యాల మోస్తాను అని చెప్పినా."

క్యానులో ఏడు వందల యాభై మిల్లీలీటర్లు ఉంది. కొలత సరిపోయింది. కిడ్నీ ఉత్త నీళ్లు వదలడం లేదని, వ్యర్థాలను కూడా కాస్త కాస్త బయటికి పంపుతోందని ల్యాబు చెప్పింది.

అప్పుడు ఆమె పాత షీట్లన్నీ ముందేసుకున్నాను. మూత్రం రానివాళ్ల ఒంట్లోంచి నీరు లాగడం మిషన్ పనుల్లో ఒకటి. రెడ్డెమ్మకూ అందరిలాగే ప్రతిసారీ రెండు లీటర్లు రాసి ఉంది. మూడో గంటకల్లా బీపీ పడిపోయి ఆమె కళ్లు తేలేసేది, మేము సెలైన్ ఎక్కించి సర్దేవాళ్లం. బీపీ పడ్డ ప్రతిసారీ మానుతున్న కిడ్నీకి రక్తం అందక మళ్లీ దెబ్బ తగులుతుంది. ముసలి కిడ్నీ మానడం లేదని అంటున్నదీ మేమే, మానేదాన్ని కొడుతున్నదీ మేమే. నాకు సిగ్గేసింది.

ఆ రోజు ఆమెను మిషన్ ఎక్కించనివ్వలేదు. డ్యూటీ డాక్టరును దాటి నేరుగా కిడ్నీ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, ఆపరేషన్ ఆపమన్నారు. నీరు లాగొద్దని, రక్తపరీక్ష చూసి అవసరమైతేనే మిషన్ పెట్టమని, రెండు వారాలు చూద్దామని అన్నారు. పై అధికారిని దాటినందుకు సాయంత్రానికి నా చేతికి మెమో వచ్చింది.

రెండు వారాలూ క్యాను వస్తూనే ఉంది, రక్తపరీక్షలూ మెరుగవుతూ వచ్చాయి. తొమ్మిదో వారంలో డయాలిసిస్ ఆపేశాం, మెడలో గొట్టం తీసేశాం. కిడ్నీ పూర్తిగా తేరుకోలేదు, ఆ వయసులో అంతే. నొప్పి బిళ్లలు మళ్లీ ముట్టుకోవద్దని, మూడు నెలలకోసారి రక్తపరీక్షకు రావాలని చెప్పి పంపాం. ఆమె రెండు చేతులతోనే పాలు పిండుకుంది.

వయసు మీద పడ్డ కిడ్నీ ఆలస్యంగా మానుతుంది, కొంతే మానుతుంది, కొందరిలో అసలు మానదు. ఎవరిలో ఏది జరుగుతుందో వాళ్ల వయసును చూసి చెప్పలేం, రోజూ కొలిచి చూడాలి. నేను రిటైరయ్యేదాకా ఆ జాబితా కాగితంలో మూత్రం గడిని నా చేత్తో గీసి, అది నిండకుండా ఒక్క సంతకమూ పెట్టలేదు.

మెమోకు సంజాయిషీ రాయమన్నారు. ఒక్క వాక్యం రాసిచ్చాను: రోజుకు ముప్పావు లీటరు మూత్రం పోసే మనిషిని శాశ్వత జాబితాలో వేయడానికి నేను సంతకం పెట్టను. వెనక్కి తీసుకోమని రెండుసార్లు అడిగారు. తీసుకోలేదు.