దూడ లేని బర్రె

కొండాపూర్‌లో మాకు పాలు పోసే పెంటయ్య పాలల్లో నీళ్లు దొరికేవి కావు, నోట్లో మంచి మాట దొరికేది కాదు. తొంభై ఎనిమిదిలో ఆ నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. తప్పు మాత్రం అతనిది కాదంటాను.

చాలా ఏళ్లు అతను డెయిరీ షావుకార్ల కోసం హర్యానా నుంచి బర్రెలను రైల్లో తెచ్చేవాడు. గూడ్సు పెట్టెలో వాటి మధ్యే గడ్డి పరుచుకుని పడుకునేవాడు. దారిలో పాలు పిండి స్టేషన్ల దగ్గరి చాయ్ కొట్లకు పోసేవాడు. దూడ మూతి పెడితేనే బర్రె చేపి పాలు వదులుతుంది కాబట్టి ఒక్క దూడనూ వదిలి వచ్చేవాడు కాదు. సూది పొడిచి పాలు లాగే షావుకార్లను మొహం మీదే తిట్టేవాడు.

ఇంతమందికి తెచ్చినవాడు చివరికి తనకని హర్యానాలోనే ఒక బర్రెను మాట్లాడుకున్నాడు. తనలాగే బర్రెలు కావలసిన ఇంకో నలుగురిని కలుపుకుని గూడ్సు స్టేషనుకు వెళ్లాడు. అక్కడి గుమాస్తా తల కూడా ఎత్తలేదు.

"ఇప్పుడు ఒక్క పెట్టె ఇయ్యం. గూడ్సు బండి మొత్తం నింపుతవా?"

"బండెడు బర్రెలు మాకేడివి సార్? ఒక్క పెట్టె చాలు."

"అయితే లారీల తెచ్చుకో."

బర్రెలు ఎక్కి దిగిన ప్లాట్‌ఫారం మీద సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. మాదాపూర్ గుట్టలు పగలగొట్టి లేపుతున్న అద్దాల మేడలకు సిమెంటు రావాలి; బర్రెలతో ఎవరికి పని? పెంటయ్య లోకాన్నంతా తిడుతూ ఇంటికొచ్చి, బర్రెను లారీలో తెచ్చే పని దళారి శేఖర్‌కు అప్పగించాడు. దూడ పైలమని, దాన్ని వదిలి రావద్దని పదిసార్లు చెప్పాడు.

లారీ వచ్చింది. మోకాళ్లు చెక్కుకుపోయిన బర్రె దిగింది. వెనకాల ఏమీ దిగలేదు.

"దూడేదిరా?"

"జాగ లేదు మామా. దాని జాగల ఇంకో బర్రె ఎక్కింది. గింత పరేషాన్ ఎందుకు? సూది ఉంది గద."

పెంటయ్య లారీ చక్రాన్ని తన్నాడు. కాలు నొచ్చింది, లారీకేం?

బర్రె రోడ్డు వైపు చూస్తూ అరుస్తూనే ఉంది. తవుడు పెట్టాడు, పొదుగు నిమిరాడు, పక్కింటి దూడను తెచ్చి వదిలాడు. బర్రె దాన్ని తన్ని తరిమింది. పొదుగు రాయిలా గట్టిపడింది. చివరికి పెళ్లాం కొమురమ్మే సూది తెచ్చి చేతిలో పెట్టింది.

"తిట్టుడు ఇగ చాలు. పొదుగు చెడితె బర్రెనే పోతది."

పొడిచాడు. పాలు దిగాయి.

మరునాడు మా గుమ్మంలో చెంబు ఎత్తి పట్టుకుని ఆగాడు. "సూది పాలు సార్. చెప్పి పోస్తున్న" అన్నాడు. వీధిలో ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పాడు.

ఆ తర్వాత పెంటయ్య ఎవరినీ తిట్టగా నేను వినలేదు. ఆ ఒక్క పెట్టె ఇవ్వనివాళ్ల మీద నాకు ఒళ్లు మండేది అందుకే.