ముక్కు తడిని దాటే వాసన

ఆదోనిలో నేను జంతుశాస్త్రం చెప్పిన కాలేజీ వెనకాలే ఒక నూనె మిల్లు ఉండేది. వేరుశనగ కాయలు దిగే రోజుల్లో కిటికీలు మూసినా, నూనె తీయగా మిగిలిన చెక్క వాసన క్లాసులోకి వచ్చేది. కొత్తగా చేరిన వాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవారు. నాకు మాత్రం ఆ వాసన పనికొచ్చింది. ఘ్రాణేంద్రియం పాఠం దానితోనే మొదలుపెట్టేదాన్ని. మిల్లులో నుంచి బయల్దేరిన కణాలు గాలిలో వస్తాయి, ముక్కు లోపలి తడిలో కరుగుతాయి, నరాన్ని తాకుతాయి, అప్పుడు మనకు వాసన తెలుస్తుంది. పుస్తకంలో అంతే ఉంది. డెబ్బైల నుంచీ నేనూ అంతే చెప్పాను. బాగా చెప్తానన్న పేరు కూడా ఉండేది.

ఎనభైలు వచ్చాక ఒక రోజు పాఠం మధ్యలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. వాళ్లది హాలహర్వి దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి కూలికి పోయి చదివిస్తోంది. సెలవుల్లో ఆ పిల్ల కూడా కాయలు ఒలిచే పనికి పోయేది.

"మేడమ్, నూనె నీళ్లల్లో కలవదు గదా. మల్లెపూల వాసన గూడా నూనెలాంటిదే అని మీరే సెప్పినారు. మరి ముక్కులో తడిలో అది ఎట్ల కరుగుతాది?"

ఎవరూ నవ్వలేదు. అందరూ నా వైపు చూశారు. అడగవలసిన ప్రశ్న అదేనని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

"నాకు తెలియదమ్మా. కనుక్కుని చెప్తాను," అన్నాను.

కాలేజీ పుస్తకాల్లో దొరకలేదు. తోటి లెక్చరర్‌ని అడిగితే, పరీక్షలో రాని దానికి ఎందుకండీ ఇంత తిప్పలు అన్నాడు. ఈలోగా ఆ అమ్మాయి పరీక్ష పాసై, టీచర్ ట్రైనింగ్ చేసి, ఎమ్మిగనూరులో చిన్న పిల్లల బడిలో చేరింది.

తర్వాత ఒక వేసవిలో నన్ను శిక్షణకు హైదరాబాదు పంపారు. మధ్యాహ్నం తరగతులు అయిపోగానే తక్కినవాళ్లు బజారుకు పోయేవారు, నేను లైబ్రరీకి పోయేదాన్ని. అక్కడ ఒక విదేశీ పత్రికలో నాకు కావలసింది కనపడింది. ఆవు ముక్కు లోపలి తడిలో ఒక చిన్న ప్రోటీన్ ఉందట. అది నీళ్లలో సులువుగా తిరుగుతుంది, కానీ దాని కడుపులో నూనెలాంటి వాటికి చోటుంది. బెంగళూరు మిరపకాయకు, అంటే క్యాప్సికంకు, దాని వాసననిచ్చే పదార్థాన్ని దగ్గరికి తెస్తే పట్టుకుంటుందట. పట్టుపురుగు జాతికి చెందిన మగ పురుగుల మీసాల్లోనూ, ఆడ పురుగు వాసనను పట్టుకునే ప్రోటీన్ ఒకటి ఉందని ఇంకోచోట చదివాను. ఇదంతా ఎవరికి చెప్పాలో నాకు తెలుసు.

తిరిగొచ్చిన ఆదివారమే ఎమ్మిగనూరు బస్సెక్కాను. తల్లీ కూతుళ్లు నేతగాళ్ల వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నారు. ఆ అమ్మాయే తలుపు తీసింది.

"జవాబు తెచ్చినాను," అన్నాను.

ఏ ప్రశ్నకని ఆమె అడగలేదు. చాప పరిచింది.

"తలకు నూనె పెట్టుకుంటాం. ఉత్త నీళ్లకు పోదు. కుంకుడు రసం పోస్తే?" అని అడిగాను.

"నూనెను పట్టుకుని నీళ్లల్లోకి లాక్కపోతాది."

"ముక్కులోనూ అలాంటిదొకటి ఉంది," అని మొదలుపెట్టి, కుంకుడు నురగ వేరు, ఈ ప్రోటీన్ వేరు అని కూడా విడమరిచి చెప్పాను. అంతా విని, "ఆ తడి ఎట్లుంటాదో సూడాల మేడమ్," అంది.

నేను పుట్టింది మంత్రాలయం దగ్గర, గుడి సేవ చేసుకునే ఇంట్లో. అయినా కప్పల్నీ ఎలుకల్నీ కోసి పాఠాలు చెప్పిన దాన్ని, వెనకాడలేదు. ఇద్దరం మాంసం అంగడికి పోయాం.

"గొర్రె తలకాయ ఇయ్యన్నా. ముక్కు పగలగొట్టొద్దు," అంది ఆ అమ్మాయి.

"పగలగొట్టకుంటే కూరెట్ల వండుతావమ్మా?" అన్నాడు అంగడాయన.

"ముందు సదువుకుంటాం, ఆమీద వండుకుంటాం."

పెరట్లో బండ మీద, పక్కింటి వాళ్ల రంపంతో ముక్కును నిలువుగా కోశాం. లోపల పలచటి ఎముకలు లేత ఆకుల్లా చుట్టుకుని ఉన్నాయి. వాటి మీద మెరిసే తడి. ఆమె వేలితో ముట్టి చూసి, "జిగురుగా ఉండాది," అంది. కొంచెం నీళ్లతో ఆ జిగురును గాజు గ్లాసులోకి కడిగాం. ఈ పిల్ల చూడాలంటుందని ముందే అనుకుని కాలేజీ నుంచి తెచ్చుకున్న కాస్టిక్ సోడా నీళ్లు అందులో కలిపి, రెండు చుక్కలు నీలి మైలుతుత్తం ద్రావణం వేశాను. కాసేపటికి నీళ్లు లేత ఊదారంగుకు తిరిగాయి.

"ప్రోటీన్ ఉంది," అన్నాను.

"జిగురులో వేరే ప్రోటీన్లు గూడా ఉంటాయి గదా మేడమ్. ఇది అదేనని ఎట్ల సెప్తాము?"

"చెప్పలేం. ఉందని మాత్రమే ఈ రంగు చెప్తుంది. అది ఏ ప్రోటీనో తేల్చే పరికరాలు మన దగ్గర లేవు."

ఆమె గ్లాసును వెలుతురుకు పట్టుకుని చూసింది. "సరే, వాసనను మోసుకొచ్చింది అనుకుందాం. నరం కాడ దించాల గదా. ఎట్ల దించుతాది?"

"అది ఇంకా ఎవరికీ తెలియదు. అసలు మోసుకొస్తుందా, ఎక్కువైన వాసనను ఊడ్చేస్తుందా అన్నది కూడా తేలలేదు. వెతుకుతున్నారు."

"అంటే మేడమ్, వాళ్లు నిలబడిన కాడికి మనమూ వచ్చినాం," అంది. ఆ మాటలో గొప్ప లేదు. ఉన్న సంగతి చెప్పింది.

తల్లి లోపల్నుంచి వచ్చి తలకాయ చేతిలోకి తీసుకుంది. "మీ సదువు అయిపోయిందా? నీళ్లు మరుగుతాండాయి. అమ్మా, నీకు వేరే గిన్నెలో బొరుగుల ఉగ్గాని సేసినాను." అక్కడే కూర్చుని తిన్నాను. మిరపకాయ బజ్జీలు కూడా పెట్టింది.

ఇంటికి వచ్చి జరిగింది చెప్తే, సంస్కృతం పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా మామగారు ముందు స్నానం చేసి రమ్మన్నారు. చేసి వచ్చాక, ఆ ప్రోటీన్ సంగతి మొదటి నుంచి చెప్పమన్నారు.

ఆ ఏడాది నుంచి నా పాఠం మారింది. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయండి, మార్కులు దానికే వస్తాయి అనేదాన్ని. ఆ తర్వాత బోర్డు మీద ఒక గీత గీసి, ఇటువైపు తెలిసింది, అటువైపు ఇంకా తెలియనిది అని చెప్పేదాన్ని. గీత దాకా మనల్ని తీసుకొచ్చిన ప్రశ్న ఈ గదిలోనే, ఒక హాలహర్వి పిల్ల నోట వచ్చిందని కూడా చెప్పేదాన్ని.