అమ్మ చాయ్‌ను అనుమానించిన రోజులు

సహోదరులారా, పదిహేడేళ్ల వయసులో నేను కన్నతల్లే నాకు విషం పెడుతోందని నమ్మాను! ముంబయి కామాటిపురలో మాది ఒకటే గది ఉన్న ఖోలీ, నాన్న పోయాక అమ్మ బిల్డింగు పనికి వెళ్లి నన్ను పెంచింది, అలాంటి అమ్మ ఇచ్చిన చాయ్‌ని మోరీలో పారబోసేదాన్ని, గోడ అవతల లక్ష్మక్క గిన్నెలు కడుగుతున్నా నన్నే తిడుతున్నట్టు వినిపించేది, కుళాయి దగ్గర ఎవరు నవ్వినా నా మీదే అనిపించేది.

అనుమానం నాతో ఆగలేదు. లక్ష్మక్కే ఏదో చేయించిందని అమ్మ అనుకుంది, నాకు దయ్యం పట్టిందని మా చాల్‌లోని ఇళ్లవాళ్లంతా అనుకున్నారు. ఒకరోజు నేను లక్ష్మక్క జుట్టు పట్టుకొని, "నా పేరెందుకు తీస్తున్నవ్?" అని అరుస్తూ మూర్ఛ వచ్చి పడిపోయాను. ఆమె మన సంఘం మనిషి కాదు, అయినా నన్ను టాక్సీలో వేసుకొని అమ్మతో పాటు ఆసుపత్రికి తీసుకెళ్లింది. దేవుడు ఎవరిని వాడుకున్నాడో చూడండి!

అక్కడ తలకు స్కాన్ తీశారు. మెదడు రెండు సగాలను కలిపే భాగం నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడే సరిగా ఏర్పడలేదని, మూర్ఛకూ ఈ భయాలకూ దానితో సంబంధం ఉండవచ్చని డాక్టరు హిందీలో చెబితే లక్ష్మక్క మాకు తెలుగులో చెప్పింది.

"ఎవలు చేసిండ్రట?" అని అడిగింది అమ్మ.

"ఎవలు చెయ్యలే వదినా. నీ తప్పు గూడ కాదంట."

అమ్మ ఆమె చేతులు పట్టుకొని ఏడ్చింది.

కానీ డాక్టరు రాసిచ్చిన గోలీలను కూడా నేను అనుమానించాను! అమ్మ నా ముందు మోకరించి, "యేసయ్యా, నా బిడ్డ నన్ను నమ్మకున్నా మంచిదే, గీ గోలీ మింగనియ్యి తండ్రీ" అని ప్రార్థించింది. నటిస్తోందేమోనని ఆమె ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను, తన కోసం ఏమీ అడగని ఆ ప్రార్థన నా గుండెను తాకింది, అనుమానం పోకున్నా గోలీ మింగాను.

మెల్లమెల్లగా గోడ అవతలి మాటలు తగ్గాయి, నిద్ర వచ్చింది, అమ్మ పక్కన కూర్చొని అన్నం తిన్నాను, హల్లెలూయా! నా తలలోని లోటు అలాగే ఉంది, మందులూ ఉన్నాయి, ఒక్కోసారి అనుమానమూ వస్తుంది, అప్పుడు గోడ తట్టి, "అక్కా, నన్నేమన్న అన్నవా?" అని అడుగుతాను, "లేదు బిడ్డా" అంటుంది, నమ్ముతాను. ఒకరి మాట నమ్మగలగడమే నాకు ప్రభువు ఇచ్చిన విడుదల, దేవునికే మహిమ!

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఎవరు చేశారని వెతకకండి, ప్రార్థించండి, డాక్టరుకు చూపించండి. మనం నమ్మలేని రోజుల్లోనూ ఆయన మన చేయి వదలడు, రండి, ఆయనను నమ్మండి!