రేడియోకు జొరం

నిన్న కొల్లాపూర్ నుంచి ఒక పాత వాల్వు రేడియో వనపర్తిలోని నా రిపేరు దుకాణానికి వచ్చింది. వెనక అట్ట విప్పితే కండెన్సర్ల నుంచి మైనం కారి గడ్డకట్టింది. ఆ కాలిన మైనం వాసనకు నేను ఒక్కసారిగా ఎనిమిదేళ్ల పిల్లనైపోయాను.

మా అవ్వకు అచ్చం ఇట్లాంటి రేడియోనే ఉండేది. పొద్దుగూకితే దాని ముందు కూర్చొని, వార్తలు చదివే ఆయనతో కొట్లాడేది. ఇంకెవరూ దాన్ని ముట్టకూడదు. ఒకరోజు అవ్వ చేనుకు పోయినప్పుడు నేను మోగించాను. కాసేపటికి పెట్టె ముట్టుకుంటే కాలిపోతోంది, కింది నుంచి చుక్కలుగా ఏదో కారుతోంది. రేడియోకు జొరమొచ్చి చెమటలు పడుతున్నాయనుకున్నాను. జొరానికి మా ఇంట్లో ఏం చేస్తారో నాకు తెలుసు. తడిగుడ్డ తెచ్చి దాని నెత్తిన వేశాను. గరగరమని దాని గొంతు పోయింది.

అవ్వ రాగానే, "పిడుగు సీదా మన రేడియో మీదనే పడ్డదవ్వా" అన్నాను. నడి ఎండాకాలం, ఆకాశంలో మబ్బు తునక లేదు. అవ్వ దాని నెత్తిమీది గుడ్డ తీసి, రేడియోను మామిడి ఒరుగుల పక్కన ఎండబెట్టింది. రెండు రోజులకు మీట తిప్పితే అది మళ్లీ మాట్లాడింది. నా పానం లేచొచ్చింది.

"ఏం డాక్టరమ్మా, జొరం తగ్గినట్టేనా?" అంది అవ్వ. "ఇగ నీ తడిగుడ్డ నువ్వు తీస్కపో."

పాతబడ్డ కండెన్సరే లోపల వేడి పుట్టిస్తుందని ఇప్పుడు తెలుసు. కొత్తది వేసి మీట తిప్పితే కొల్లాపూర్ రేడియో చల్లగా మాట్లాడింది. ఎనిమిదేళ్లకే నేను రోగం సరిగ్గా పట్టాను. మందే కొంచెం తప్పింది.