కారు తోమిన అల్లుడు

తన కారు మీద ఈగ వాలినా దాని కాళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసే రకం మా మామగారు. అలాంటి మనిషి కొత్త కారు తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత జరిగిన ఘోరం వినాలంటే కాస్త గుండె దిటవు చేసుకోండి, ముఖ్యంగా మీకు కారుంటే.

పెళ్ళయిన కొత్త. మామగారిది దిల్‌సుఖ్‌నగర్, మాది ఎల్బీ నగర్. తుర్కయంజాల్‌లో గృహప్రవేశానికి వెళ్ళొస్తామంటే, "ఒక్క గీత పడకుండా తెచ్చివ్వండి అల్లుడు గారూ, వచ్చే ఆదివారం సాగర్ డ్యామ్‌కి కూడా మీరే తీసుకెళ్దురుగాని" అన్నారు. ఆ మాట వినగానే మా ఆవిడ సుజాత సాగర్‌కు బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

వెళ్ళాం, వచ్చాం. తీరా మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, ఇంక ఇల్లు చేరినట్టే అనుకుంటుండగా 'సర్ర్' మని చప్పుడు. ముదురు నీలం తలుపు మీద తెల్లటి గీత! వెంట్రుకంత. మామగారు సాయంత్రం కారు కోసం వస్తారు. సెల్లార్‌లో కారు చుట్టూ ప్రదక్షిణాలు చేసి చేసి, ఆఫీసు మిత్రుడు యాదగిరికి ఫోన్ చేశాను. నల్గొండ మనిషి. కార్ల సంగతంటే చాలు, పూనకం వచ్చేస్తుంది. రింగ్ రోడ్డు మీద బస్సుల హారన్ల మధ్య ఉన్నాడు, మాట సరిగ్గా వినపడటం లేదు.

"పరేషాన్ గాకు అన్నా! పైపై గీతనే గదా. రబ్బింగ్ కాంపౌండ్ అని షాపుల పేస్టు దొరుకుతది. గది పెట్టి పీచు తోని గుండ్రంగ రుద్దు."

"ఏ పీచు?"

"ఇంట్ల ఉంటది గదనే! వదిననడుగు. కొత్తదైతే ఇంకా మంచిది."

నేనెంత జాగ్రత్తపరుణ్ణంటే, వంటింట్లోని పాత పీచు జిడ్డుగా ఉందని కొత్త స్టీలు పీచు కొనుక్కొచ్చాను.

"కారుకి గిన్నెలు తోమే పీచేమిటండీ?" అంది సుజాత.

"నీకు తెలియదు, ఇదో టెక్నిక్" అన్నాను. ఆ మాటన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

రుద్దాను. పేస్టు తెల్లగా కప్పేయడంతో కింద ఏం జరుగుతోందో కనపడలేదు. తుడిచి చూద్దును కదా, గీత మాయం! దాంతోపాటు మెరుపూ మాయం. అట్టంత మేర తలుపు బూడిద రంగుకు తిరిగింది. అంచులు కలిసిపోతాయేమోనని ఆత్రంగా ఇంకాస్త రుద్దాను. అట్టు కాస్తా చాపంత అయ్యింది.

మళ్ళీ ఫోన్. "యాదగిరీ, కొత్త పీచుతోనే రుద్దానయ్యా, రంగు పోయింది!"

"పీచేంది? పీసన్నా, పీసు! మెత్తటి బట్ట పీసు! జాకెట్ పీసు!" అంతలో వాడికి అనుమానం వచ్చింది. "అన్నా... గిన్నెలు తోమేది గిట్ల పెట్టలే గదా?"

నేను జవాబు చెప్పేలోపే మామగారు సెల్లార్‌లోకి దిగారు. కేకలేస్తారని కళ్ళు మూసుకున్నాను. వేయలేదు. తలుపును చూశారు. ఒక చేతిలో పేస్టు, మరో చేతిలో పీచుతో ఉన్న నన్ను చూశారు. చాలా మర్యాదగా అడిగారు:

"అడుగంటిందా, అల్లుడు గారూ?"

సాగర్‌కు బస్సులో వెళ్ళాం. కిటికీ వైపు తిరిగి కూర్చున్న సుజాత సాక్షిగా ఆ బస్సులోనే ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఎవరు దేన్ని దేనితో రుద్దమన్నా, అది 'స'యో 'చ'యో కాగితం మీద రాయించుకుని, కింద మా ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నాకే చెయ్యి కదుపుతాను.