జౌరేష్ పోసే టీ

జౌరేష్ డాక్టరు మొహం చూసి ఎవరూ ఏదీ కనిపెట్టలేరని ఆసుపత్రిలో అందరూ అంటారు. పొద్దున్నే అండాశయ క్యాన్సర్ గడ్డల ముక్కలకు మందు పట్టించి సూక్ష్మదర్శిని మీదకు వంగుతుంది. ఆమె వెతికే ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. అలా తేలినవాళ్లలో ఎక్కువమంది చాలాకాలం బతకడం ఆమె చూసింది. రంగు తేలినా తేలకపోయినా కళ్లజోడు తుడుచుకుని, పాలు పోసి టీ కాస్తుంది. వచ్చినవాళ్లకు గిన్నెలో సగమే పోస్తుంది. మా ఆల్మటీలో నిండా పోస్తే ఇక లేచి వెళ్లమని అర్థం.

ఒక మధ్యాహ్నం, సంతలో గుర్రపు పాలు అమ్మే కుల్యాష్ తలుపు తోసుకుని వచ్చింది. ఇలాంటి జబ్బుల సంగతి మావాళ్లు రోగికి చెప్పరు, ఇంట్లోవాళ్లకే చెబుతారు.

“నేను గదిలోకొస్తే చాలు, కోడళ్లు నోళ్లు మూసేస్తున్నారక్కా. రంగేసి చూస్తావటగా, నా ముక్కకి పట్టిందా లేదా? నువ్వయినా చెప్పు.”

“ఆ రంగు పదిమంది సంగతి చెబుతుంది గానీ నీ ఒక్కదాని సంగతి చెప్పదే. కూర్చో, టీ తాగు,” అంది జౌరేష్, ఎప్పటి మొహంతోనే. కానీ ఆమె కళ్లముందు పొద్దున చూసిన కుల్యాష్ ముక్కే ఉంది, గోధుమరంగు చుక్కయినా లేకుండా నీలంగా పాలిపోయి. టీ పోస్తున్న చెయ్యి సగం దగ్గర ఆగలేదు. టీ గిన్నె అంచుదాకా వచ్చేసింది.

జౌరేష్ నాలుక కరుచుకుంది. కుల్యాష్ ఆ నిండు గిన్నెను కాసేపు చూసింది. తర్వాత దాన్ని అందుకుని, సగం టీ మళ్లీ కెటిల్‌లోకి వొంపేసి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

“సగమే పొయ్యక్కా. నేనప్పుడే లేచేదాన్ని కాదు.”